మేనమామ నెత్తురు

మా వైపు వాళ్ళు నెత్తురు గురించి మాట్లాడినంతగా ఇంకెవరూ మాట్లాడరు. ఒకే నెత్తురు అంటారు, నెత్తురు ఊరికే పోతుందా అంటారు, పిల్లను మేనమామకిస్తే నెత్తురు గడప దాటదు అంటారు. అదే నెత్తురు కొంచెం సీసాలోకి తీయాలి, చెయ్యి చాపండి అంటే మాత్రం ఆసుపత్రి గేటు దాకా వెనక్కి చూడకుండా పరిగెత్తుతారు. చిత్తూరు జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేశాను. ఊరి పేరు ఎందుకులెండి. అట్లా పారిపోయినవాళ్ళను ఎంతమందిని చూశానో లెక్కలేదు. ఏకాంబరం మాత్రం పారిపోలేదు. పారిపోయినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు, చెరకు గానుగలు ఆడే రోజుల్లో అతను పెళ్ళాన్ని బండిలో వేసుకుని వచ్చాడు. చెరకాకు పరిచి, దాని మీద బొంత వేసి, బొంత మీద మునిలక్ష్మిని పడుకోబెట్టారు. బొంతంతా నెత్తురే. అతను బెల్లం పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చినట్టున్నాడు, చేతుల మీద పాకం చింది కాలిన మచ్చలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. వెంట ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె దేవకమ్మ, మునిలక్ష్మి తల్లి. రెండో ఆమె గంగులమ్మ, ఏకాంబరానికీ దేవకమ్మకూ తల్లి. అంటే ఏకాంబరం తన సొంత అక్క కూతురినే చేసుకున్నాడన్నమాట. మునిలక్ష్మికి గంగులమ్మ అమ్మమ్మా అవుతుంది, అత్తా అవుతుంది. మా వైపు ఇది ఇంటింటా ఉన్నదే.

మునిలక్ష్మికి అది నాలుగో కాన్పు. మొదట పుట్టిన ఆడపిల్ల భారతమ్మ నిక్షేపంగా ఉంది. ద్రౌపదమ్మ గుడి దగ్గర ఏటా భారతం కథ చెప్పించే ఉత్సవం రోజుల్లో పుట్టిందని ఆ పేరు పెట్టారు. తర్వాత పుట్టిన ఇద్దరు మగపిల్లలూ పుట్టిన మరునాటికే పసుపు పూసినట్టు పచ్చబడి పోయారు. గంగమ్మకు మొక్కారు, కాళహస్తిలో పూజ చేయించారు, మా ఆసుపత్రికి మాత్రం రాలేదు. నాలుగో బిడ్డ కడుపులోనే పోయాక వచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటే కదా.

మా డాక్టరమ్మ చంద్రకాంతమ్మ మద్రాసులో చదువుకున్న మనిషి. మాట తక్కువ, చెయ్యి నెమ్మది. ఆమె చనిపోయిన బిడ్డను తీసింది. నెత్తురు ఆగినట్టే ఆగి మళ్ళీ పోయింది. మునిలక్ష్మి పెదవులు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి.

"నెత్తురు ఎక్కించాలి, లేకపోతే దక్కదు" అంది డాక్టరమ్మ.

ఆ రోజుల్లో మాకు తెలిసిన పరీక్ష ఒకటే. తెల్ల పింగాణీ పలక మీద రోగి నెత్తుటిలోని తేట ఒక చుక్క, ఇచ్చేవాళ్ళ నెత్తురు ఒక చుక్క వేసి, కలిపి, పలకను అటూ ఇటూ ఆడిస్తాం. పాలు విరిగినట్టు పలుకులు తేలితే పనికిరాదు, నున్నగా ఉంటే పనికొస్తుంది. దేవకమ్మది వేసిన కాసేపటికే విరిగింది. కన్నతల్లి నెత్తురు బిడ్డకు కలవకపోవడం ఏమిటని ఆమె నా మొహం వంక చూస్తూ నిలబడిపోయింది. గంగులమ్మ ముసలిది, ఆమెది తీయలేదు. ఏకాంబరానిది నున్నగా ఉంది. ఇంకొకటి కూడా నున్నగా ఉంది. అది మా ఆయనది.

మా ఆయన శాంతయ్య ఆసుపత్రి వంటశాలలో పనిచేసేవాడు. మనిషి దిట్టంగా ఉండేవాడు, అంతకుముందు కూడా రోగులకు నెత్తురు ఇచ్చాడు. పొయ్యి దగ్గర నిద్రలేకుండా పనిచేసి ఏకాంబరం ఎండిపోయి ఉన్నాడని, శాంతయ్యది తీద్దామని డాక్టరమ్మ అంది.

"ఆయప్ప ఎవురు?" అని అడిగింది గంగులమ్మ.

"మా ఆయన" అన్నాను.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. మా పల్లె ఊరికి ఏ వైపు ఉండేదో ఆ తాలూకాలో అందరికీ తెలుసు. మేము మా మామగారి కాలంలో ఏసుప్రభువును నమ్ముకున్నాం గానీ, అంతమాత్రాన వాళ్ళు మరిచిపోలేదు.

"వొద్దులేమ్మా, తప్పుగా అనుకోబాక. దాని మొగుడు ఈడనే ఉండాడు గదా. మొగుడే కాదు, మేనమామ. ఒగే నెత్తురు. పరాయి నెత్తురు మాకెందుకు?" అంది.

నాకు ఒళ్ళు మండింది. "పరాయిది వద్దంటున్నారు, మీ సొంతది బొంత పాలవుతోంది, చూసుకోండి" అన్నాను. డాక్టరమ్మ "సంతోషమ్మా" అని ఒక్క పిలుపు పిలిచేసరికి నోరు మూసుకున్నాను.

ఏకాంబరం అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నాదే తీయండమ్మా. ఎంత కావల్నో అంత తీయండి. మా అక్క కూతురు. సంకనెత్తుకుని పెంచినా దాన్ని" అన్నాడు. పలక మీద రెండూ సమానమే. కాదనడానికి డాక్టరమ్మకు కారణం లేకపోయింది. అతనిదే తీసింది.

తీసేటప్పుడు అతను సూది వంక చూడలేదు, పక్క గదిలో ఉన్న మునిలక్ష్మి మంచం వంకే చూశాడు. గడ్డకట్టకుండా మందు కలిపి సీసా వేలాడదీశాం. లేవొద్దంటే వినకుండా వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. నెత్తురు కొంచెం కొంచెంగా దిగుతోంది. పావు సీసా అయిందో లేదో, మునిలక్ష్మి కళ్ళు తెరిచింది.

"మామా, నడుము ఇరిగిపోతాండాది. సాలు. తీసెయ్యమను" అంది.

మాటలు వచ్చిన నాటి నుంచి అతన్ని మామా అనే పిలిచేది, పెళ్ళయ్యాక కూడా అదే పిలుపు. రెండో చెయ్యి ఎత్తి సూది వైపు చాపింది. ఏకాంబరం ఆ చేతిని పట్టుకుని మంచానికి అదిమాడు.

"గమ్మునుండు మునీ. నా నెత్తురే గదా. ఏం గాదు."

నేను డాక్టరమ్మను పిలిచే లోపలే చలి మొదలైంది. ఇనప మంచం గడగడలాడింది. డాక్టరమ్మ పరిగెత్తుకు వచ్చి గొట్టం నొక్కి సూది పీకేసింది. "సీసాలో ఇంగా ఉండాది గదమ్మా, ఎందుకు నిలిపేస్తిరి" అని ఏకాంబరం బతిమాలాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆ సాయంత్రం మునిలక్ష్మి మూత్రం నేరేడుపండ్లు కడిగిన నీళ్ళలా వచ్చింది. తర్వాత అదీ ఆగిపోయింది. కలవని నెత్తురు ఎక్కిస్తే ఇట్లానే అవుతుందని మాకు తెలుసు. కానీ ఇది కలిసిన నెత్తురు. డాక్టరమ్మ పలక కడిగి మళ్ళీ వేసింది, తుడిచి మళ్ళీ వేసింది. ఎన్నిసార్లు వేసినా నున్నగానే ఉంది. మునిలక్ష్మి ఒళ్ళంతా ఉబ్బి, తెలివి తప్పి, ఆ మరుసటి వారంలో పోయింది.

శవాన్ని బండికెత్తే ముందు వరండాలో డాక్టరమ్మ ఏకాంబరంతో, "మీ రక్తం ఆమెకు పడలేదు. ఎందుకు పడలేదో నాకు తెలియడం లేదు" అంది. ఇంకొక డాక్టరైతే దేవుడి మీదకు తోసేసేవాడు. ఈమెకు అబద్ధం చేతకాదు. ఆ నిజం శవంతోపాటు అదే బండిలో ఊరికి పోయింది. పోయి ఏం చేసిందో మాకు చాలాకాలం తెలియలేదు.

ఏడాది తర్వాత దేవకమ్మ కాలిపుండుతో ఉన్న పిల్లను చంకనేసుకుని మా దగ్గరకు వచ్చింది. ఆ పిల్ల భారతమ్మే. నేను పుండు కడుగుతుంటే దేవకమ్మ గోడకు ఆనుకుని, ఎవరితోనో అన్నట్టు చెప్పుకుపోయింది.

"మేనమామ నెత్తురు, మొగుని నెత్తురు. రెండూ కలిసిన నెత్తురే దాని ఒంటికి పడలేదంటే, అది ఆ మొగునికి పెండ్లాంగా ఉన్నిందా అని అడగతాండారమ్మా ఊళ్ళో. నిప్పు లేందే పొగ రాదంట. పరాయోడి పొత్తు ఉండబట్టే మొగుని నెత్తురు ఇరిగిపోయిందంట. సచ్చిన బిడ్డలు కూడా అందుకే సచ్చిరంట."

"మీ తమ్ముడు ఏమంటాడు?" అన్నాను.

"వాడు నోరు తెరిస్తే గదా. ఆ పొద్దు నుంచి మూగోడైపోయినాడు. అవునన్లే, కాదన్లే. మొగుడు కాదన్లేదంటే అవునని గదా ఊరికి లెక్క. ఈ పిల్ల ఎవురి పిల్లోనని బాయికాడ ఒగామె నా మొగం మీదే అనింది. ఎత్తుకొచ్చేసినా. వాడు నా తోడబుట్టినోడు, నేను వాని గడప తొక్కను, వాని మొగం సూడను."

నరం లేని నాలుకలు. ఒక్క మాట, "నోరు మూయండి" అని ఒక్క మాట అంటే చాలు కదా ఆ మనిషి. నాకు అతని మీద అసహ్యం వేసింది. దానికన్నా ఎక్కువగా గంగులమ్మ మీద కోపం వచ్చింది. ఆ రోజు శాంతయ్య నెత్తురు ఎక్కించి ఉంటే ఈ పిల్లకు తల్లి ఉండేది కదా. ఈ మాటను మనసులో పెట్టుకుని, పాముకు పాలుపోసినట్టు పోసి పెంచాను. ఎప్పుడో ఒకనాడు ఆ ముసలిదాని మొహం మీద అనాలని నాకు ఎంతో ఆశ. లోపలి గదిలో డాక్టరమ్మ అంతా విన్నది. ఆ పూట అన్నం తినలేదు.

ఆ మరుసటి ఎండాకాలం డాక్టరమ్మ డాక్టర్ల సమావేశానికి మద్రాసు వెళ్ళింది. తిరిగొచ్చి, పెట్టె కూడా దించకుండా నన్ను గదిలోకి పిలిచింది.

"మన పలకకు కనిపించని గుర్తు ఇంకొకటి ఉందట సంతోషమ్మా, నెత్తుటిలో. చాలామందికి ఉంటుంది, కొద్దిమందికి ఉండదు. గుర్తు లేని తల్లి, గుర్తున్న తండ్రి బిడ్డను మోస్తే బిడ్డకు తండ్రి గుర్తు వస్తుంది. ఆ బిడ్డ నెత్తురు ఒక్క చుక్క తల్లిలో కలిసినా, ఆమె ఒళ్ళు దాన్ని పరాయిదనుకుంటుంది. అప్పటి నుంచి దాని మీద విషం తయారు చేసుకుంటుంది. మొదటి బిడ్డ బాగుంటుంది. తర్వాత బిడ్డలు పచ్చబడి పోతారు. అట్లాంటి తల్లికి ఆ గుర్తున్న నెత్తురు ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది."

ఆమె ప్రతి మాటకూ మునిలక్ష్మి కళ్ళముందుకు వచ్చింది. "అయితే మా ఆయనది ఎక్కించి ఉంటే?" అని అడిగాను.

"శాంతయ్యకూ ఆ గుర్తు ఉండే ఉంటుంది. నూటికి తొంభైమందికి పైగా ఉంటుంది. అప్పుడూ ఇంతే అయ్యేది."

నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. మునిలక్ష్మి కోసం సగం, చేతిలోంచి జారిపోయిన నా కోపం కోసం సగం. నేను కళ్ళు తుడుచుకునేలోగా డాక్టరమ్మ ఆ ఊరికి పోదామంది.

"చెబితే ఆ మనిషి ఏమైపోతాడమ్మా? పెళ్ళాం, ముగ్గురు బిడ్డలు, అందరూ తన నెత్తురుతోనే పోయారని తెలిస్తే బతుకుతాడా?" అన్నాను.

"చెప్పకపోతే ఆమె ఏమైపోతుంది?"

"ఆమె ఎప్పుడో పోయింది కదమ్మా."

"పేరు పోలేదు. కూతురు ఉంది" అంది డాక్టరమ్మ.

మేము వెళ్ళిన రోజు ఆ ఊళ్ళో భారతం జరుగుతోంది. ద్రౌపదమ్మ గుడి ముందు తాటాకు పందిరి వేశారు. మధ్యాహ్నం కథ వినడానికి ఊరంతా అటే పోతోంది. ఏకాంబరం ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అతను గోడవారగా కూర్చుని తాడు పేనుతున్నాడు. జుట్టు నెరిసిపోయింది. గంగులమ్మ మమ్మల్ని చూసి లేచి, మాట్లాడకుండా చాప పరిచింది. చాప మీద నాకు కూడా చోటు చూపించింది.

డాక్టరమ్మ నాకు చెప్పినట్టే వాళ్ళకూ చెప్పింది, ఇంకా చిన్న మాటల్లో. ఏకాంబరం చేతిలో తాడు ఆగిపోయింది. దూరంగా గుడి దగ్గర తాళాలు సరిచూసుకుంటున్నారు.

ముందు గంగులమ్మ నా వైపు తిరిగింది. "ఆ పొద్దు నీ మొగుని నెత్తురు ఎక్కిచ్చింటే నా బిడ్డ బతికుండునా తల్లీ?" అని అడిగింది.

నేను ఏడాదికి పైగా ఎదురుచూసిన ప్రశ్న అది. నోటి దాకా వచ్చిన మాట ఎంత తియ్యగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆమె కళ్ళు చూశాను. ఆ ప్రశ్నను ఆమె రోజూ తనను తాను అడుగుతూనే ఉందని అర్థమైంది.

"లేదమ్మా. ఆ నెత్తురు కూడా పడేది కాదు. మీరు వద్దన్నందుకు ఏమీ జరగలేదు" అన్నాను.

ముసలామె చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"అమ్మా, ఒగ మాట" అన్నాడు ఏకాంబరం. గొంతు అరిగిపోయినట్టు ఉంది. "ఇప్పుడు మీరు సెప్పిండేది, అది నా బిడ్డల్ని మోసింది గాబట్టే నా నెత్తురు దానికి పడలేదని. అంతేనా?"

"అంతే. గుర్తు లేని తల్లి గుర్తున్న భర్త బిడ్డలను మోస్తే ఇట్లా అవుతుంది, దానికి పరాయివాడు అక్కర్లేదు. మీ బిడ్డలే, అందుకే."

"దానిమీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు తల్లీ. ఊరు ఏమేమో అనింది. నేను నోరు తెరిచి, కాదు, దాని తప్పేం లేదు అంటే, అట్లయితే ఎందుకు సచ్చిపోయిందిరా అంటారు. అది సాలు, తీసెయ్యమను అనింది నాతో. నేను సెయ్యి అదిమి పట్టుకున్నా. ఈ సేత్తోనే." కుడిచెయ్యి తెరిచి చూసుకున్నాడు. "ఆ మాట యాడ సెప్పాల్సొస్తాదోనని గమ్మునున్నా. నా బయం కోసరం దాన్ని ఊరికి అప్పజెప్పేసినా."

అతని మూగతనానికి నేను ఎన్ని పేర్లు పెట్టానో. ఇది మాత్రం నాకు తట్టలేదు.

"మీరు వదిలేసినా, అప్పటికే లోపలికి పోయినది చాలు" అంది డాక్టరమ్మ మెల్లగా. అది ఓదార్పో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

అతను కాసేపు లెక్కవేసుకుంటున్నట్టు నేల చూశాడు. "మొదటి బిడ్డతోనే మొదలైందంటిరే. అంటే భారతమ్మ..." అని ఆగిపోయాడు. డాక్టరమ్మ ఏదో అనబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"వొద్దు. ఆ మాట ఈ ఇంట్లోనే ఉండిపోవల్ల. ఆ పిల్ల సెవిన ఎప్పుటికీ పడగూడదు. అంతా నాదే అనండి."

లేచి దొడ్లోకి పోయి ముఖం కడుక్కున్నాడు. ఉతికిన పంచె కట్టుకుని, చెప్పులు లేకుండా, ఆ ఎండలో గుడి వైపు నడిచాడు. మేము వెనకే పోయాం.

పందిరి నిండా జనం. ఆడవాళ్ళు కూర్చున్న వైపు చివర్లో దేవకమ్మ ఉంది, ఒళ్ళో భారతమ్మ. పిల్ల భారతంలో పుట్టింది కాబట్టి తమ్ముడి గడప తొక్కకపోయినా కథకు మాత్రం ఏటా తెచ్చేదట. కథ చెప్పే దాసు చిడతలు పట్టుకుని లేచాడు. ఏకాంబరం నేరుగా అతని ముందుకు పోయి నిలబడి, జనం వైపు తిరిగాడు. రెండేళ్ళుగా అతని గొంతు విననివాళ్ళు, పక్కవాళ్ళను ఊరుకోమన్నారు.

"మునిలక్ష్మి సంగతి సెప్పడానికొచ్చినా" అన్నాడు. "డాక్టరమ్మ ఈడనే ఉండాది, నేను తప్పు సెప్తే దిద్దతాది. అది నా బిడ్డల్ని మోసింది. నా బిడ్డల్నే మోసింది గాబట్టి నా నెత్తురు దానికి ఇసమైంది. అది వొద్దు వొద్దంటాంటే నేను సెయ్యి పట్టుకుని ఎక్కిచ్చినా. నా మొగపిల్లోళ్ళు సచ్చింది గూడా నా నెత్తురుతోనే. దాని తప్పు గోరంత లేదు. ఇంగ మీరు ఎవురినన్నా అనాలంటే నన్ను అనండి. ఈడనే నిలబడుకోనుండా."

బావి దగ్గర ఆ మాట అన్నామె కూడా అక్కడే ఎక్కడో కూర్చుని ఉంటుంది, తల దించుకుందో లేదో నాకు తెలియదు. దాసు చిడతలు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఏకాంబరం పందిరి గుంజను పట్టుకున్నాడు.

దేవకమ్మ లేచింది. ఆడవాళ్ళను దాటుకుంటూ తమ్ముడి దాకా వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా అతను కదిలేవాడు కాదు. కన్నకూతురు చెప్పిన చివరి మాట ఏమిటో ఆమెకు అప్పుడే, ఊరంతటితోపాటు తెలిసింది. ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ముందే సెప్పుంటే నేనే నీ పక్కన నిలబడుకొనుందును గదరా" అంది. తర్వాత, "కూసో. పడిపోతావు" అంది.

అతను అక్కడే నేల మీద కూలబడ్డాడు. దేవకమ్మ పిల్లను ముందుకు తోసింది. "పో. మీ నాయన పక్కన కూసో."

భారతమ్మకు తండ్రి ముఖం గుర్తున్నట్టు లేదు. అవ్వ వంక చూసి, కొంచెం ఎడంగా కూర్చుంది. దాసు గొంతు సవరించుకుని, నిన్న ఆపిన చోటి నుంచి పాట ఎత్తుకున్నాడు. జనం అందుకున్నారు. కాసేపటికి పిల్ల కథలో పడి, కూర్చున్న చోట కుదురులేక జరుగుతూ జరుగుతూ తండ్రి దాకా వచ్చి, ఆసరా కోసం అతని కుడిచేతి మీద చెయ్యి వేసింది.

అతను ఆ చేతిని కదల్చలేదు. కథ అయ్యేదాకా అట్లాగే కూర్చున్నాడు. పట్టుకుంటే ఏమవుతుందోనని భయపడి, పట్టుకోలేదు.